హెచ్-ఇండెక్స్ అంటే ఎంసెట్ ర్యాంకు కాదండీ

ప్రశ్న: మాది చీమకుర్తి, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. మా అమ్మాయి ఒంగోల్లో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. టెలిస్కోపులకు పరికరాలు తయారుచేసే సైంటిస్టునవుతానంటోంది. సెలవుల్లో యూనిట్‌కొస్తే, పాలిష్ చేసిన స్లాబులో ట్యూబ్‌లైటు నీడ వంకర తిరిగిందేమోనని చూస్తూ కూర్చుంటుంది. అదే పని చేసే ఒక సైంటిస్టు వివరాలు నెట్‌లో చూశాను. ఇరవై ఏళ్ల సర్వీసు, హెచ్-ఇండెక్స్ 14. ఆయన ఈడువాళ్లకి 40 దాటింది. ఈ లైన్‌లో ఎదుగుదల లేనట్టేనా? సీఎస్ఈ ఏఐ-ఎంఎల్‌లో మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు కూడా ఇచ్చాం. రెండిటినీ పోల్చి చెప్పండి సార్.

జవాబు: పోలుస్తాను గానీ, ముందు ఆ 14 సంగతి తేల్చుకుందాం. ఒకప్పుడు తల్లిదండ్రులు ప్యాకేజీ ఎంతని అడిగేవాళ్లు. ఇప్పుడు సైంటిస్టుల మార్కుల లిస్టు తీస్తున్నారు. లోపలున్న బెంగ మాత్రం అదే: పిల్ల ఎప్పటికి స్థిరపడుతుంది?

హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క. ఒకరు రాసిన పరిశోధన పేపర్లలో 14 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 14 సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, ఉంటే 14 వస్తుంది. ఒకే పేపరు రాసి దానికి ఐదువేల సైటేషన్లు తెచ్చుకున్నా వచ్చేది 1.

పరికరాలు చేసేవాళ్ల దగ్గర ఈ లెక్క మరీ తప్పుతుంది. మొన్నటిదాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య-ఎల్1 వెళ్లింది కదా. అందులో సూర్యుడి కరోనాను, అంటే చుట్టూ ఉండే పలచని వెలుగు పొరను, చూసే వీఈఎల్‌సీ అనే పరికరాన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ తయారుచేసింది. అద్దాలు, డిటెక్టర్లు, దుమ్ము పడని గదుల్లో పరీక్షలు, ఏళ్లు పట్టే పని. అన్నేళ్లూ వాళ్లు రాసేవి ఎక్కువగా సదస్సుల పేపర్లు, వాటిని ఉటంకించేవాళ్లు తక్కువ. తీరా పరికరం పనిచేయడం మొదలయ్యాక దాని డేటాతో పేపర్లు రాసేవాళ్లలో చాలామంది వేరేవాళ్లు. తయారుచేసినవాళ్ల పేరు పొడుగాటి రచయితల జాబితా మధ్యలోనో, చివర కృతజ్ఞతల్లోనో ఉంటుంది. కృతజ్ఞతలు సైటేషన్ కిందికి రావు. ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు గృహప్రవేశం కార్డులో వేస్తామా?

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో ఆకాశాన్ని మ్యాపు గీసే స్లోన్ స్కై సర్వే గురించి 2000లో వచ్చిన సాంకేతిక వివరణ పేపరుకి వేలల్లో సైటేషన్లు వచ్చాయి. ఆ సర్వే డేటా అందరికీ పనికొచ్చింది మరి. అంటే ఆ అంకెలో మనిషి తెలివి ఎంతో, ఆ ప్రాజెక్టు అదృష్టం కూడా అంతే.

ఇక మీరు పక్కనపెట్టేసిన మాటకొస్తా. ఏమనుకోకండి, ఎవరో సైంటిస్టు అంకెలు వెతకడానికి టైముంది గానీ, ఆ ట్యూబ్‌లైటు నీడలో ఏం కనిపిస్తోందని మీ పిల్లని ఒక్కసారైనా అడిగారా? టెలిస్కోపు అద్దం అరగదీసేవాళ్లు చేసేదీ ఆ తరహా పనే. చిన్న దీపం వెలుగు అద్దం మీద పడి తిరిగొచ్చేచోట బ్లేడు అంచు అడ్డంపెట్టి, నీడల్ని బట్టి ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో పట్టుకుంటారు. ఫూకో పరీక్ష అంటారు దాన్ని. అక్కడ వెంట్రుక మందంలో వెయ్యో వంతు తేడా ఉన్నా అద్దం మళ్లీ పాలిషింగ్‌కి పోవాల్సిందే. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు 2.34 మీటర్ల అద్దంతో తమిళనాడులోని కావలూరులో పెట్టాలనుకున్న టెలిస్కోపుని మన దేశంలోనే తయారుచేయించడం మొదలుపెట్టారు. అది 1986లో ప్రారంభమైంది, ఆయన 1982లోనే పోయారు. ఆయన గొప్పతనాన్ని ఏ ఇండెక్స్‌తో కొలుస్తారు?

ఏఐ-ఎంఎల్ గురించి నా అనుమానం దాచుకోను. కోర్సు చెడ్డదని కాదు. మన చుట్టుపక్కల కొన్ని కాలేజీల్లో బోర్డు మారింది గానీ ల్యాబు మారలేదు, పాఠం చెప్పే సారూ మారలేదు. నాలుగేళ్ల కిందట నేనే కొందరిని ఆ బ్రాంచికి పంపాను. వాళ్లలో కందుకూరు అబ్బాయొకడు మొన్న ఫోన్ చేశాడు. ఏమొచ్చు నాయనా అంటే "పైథాన్ వచ్చు సార్" అని ఆగిపోయాడు. వాడి తప్పేముంది, ఆ తప్పులో నాకూ వాటా ఉంది. లెక్కలు గట్టిగా ఉన్న పిల్ల ఏ డిగ్రీ చదివినా ఏఐ నేర్చుకోగలదు. అద్దాలు, కటకాల విద్య అయిన ఆప్టిక్స్ మాత్రం యూట్యూబ్‌లో రాదు, చేతులు మసి చేసుకోవాలి.

అటువైపు కష్టాలూ వినండి. శాశ్వత ఉద్యోగాలు తక్కువ. పీహెచ్‌డీలో ఇప్పుడు మొదట్లో నెలకి 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్. ముప్పై దాటాకే స్థిరమైన జీతం అనుకోండి. పెళ్లి మాట మీరు రాయలేదు, అయినా నాకర్థమైంది. అది వేరే లెక్క, దీనితో కలపకండి. ఆస్ట్రానమీలో కుదరకపోతే ఇస్రో ఆప్టిక్స్ ల్యాబులు, రక్షణశాఖకి పరికరాలు చేసే డెహ్రాడూన్ సంస్థ, కెమెరాలు, చిప్పులు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. వాళ్లకీ ఇదే చదువు కావాలి, కాబట్టి పిల్ల రోడ్డున పడదు.

దారి ఒకటే లేదు. ఫిజిక్స్‌లోనైనా, ఈసీఈ, మెకానికల్‌లోనైనా చేరి తర్వాత ఇటు రావచ్చు. ఇలా రెండువైపుల నుంచీ వచ్చేవాళ్ల కోసమే వీఈఎల్‌సీ చేసిన ఆ బెంగళూరు సంస్థ కలకత్తా విశ్వవిద్యాలయంతో కలిసి ఎంటెక్-పీహెచ్‌డీ మొదలుపెట్టింది. కాబట్టి ఈ ఏడాదే అంతా తేలిపోవాలని కంగారుపడకండి.

పరీక్షలయ్యాక అమ్మాయిని కావలూరు తీసుకెళ్లండి. అక్కడ ప్రశ్నలు తననే అడగనివ్వండి, మీరు వెనకాల నిలబడండి. ఈలోపు ఆ అడ్వాన్సు తిరిగిస్తారో లేదో కాలేజీవాళ్లని కనుక్కోండి. రసీదు తీసుకున్నారా?