విలన్ చేతికి తుఫాను ఇవ్వకు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నవల డ్రాఫ్టు చదివాను. పరుగు బాగుంది. తేడా అంతా విలన్ దగ్గరే. డాల్ఫిన్ నోస్ కొండ మీద కూర్చుని మీట నొక్కితే విశాఖ మీదికి తుఫాను వచ్చేస్తుందని రాశావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని కళ్లారా చూసిన ఊరమ్మా ఇది! ఇక్కడి పాఠకుడు ఆ పేజీలోనే పుస్తకం మూసేస్తాడు.

నిజంగా జరిగినవాటి మీద కథ అల్లుకో. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినతూబో అగ్నిపర్వతం పేలి, సుమారు కోటిన్నర టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పైకి చిమ్మింది. అది ఆకాశంలో పల్చని పొరలా కమ్ముకుని కొంత ఎండని అడ్డుకుంది, ఆ దెబ్బకి భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది. అదే పని విమానాలతో చేస్తే? నీ కథకి ఇంధనం ఆ ప్రశ్నే. కాకపోతే అందుకు ఇరవై కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లాలి. ప్రయాణికుల విమానాలు పది, పన్నెండు కిలోమీటర్లు దాటవు. కాబట్టి మన ఎయిర్‌పోర్టులో అర్ధరాత్రి దొంగచాటుగా ట్యాంకులు నింపే సీను కొట్టెయ్.

పైగా ఆ పొరని ఉపగ్రహాలు ఇట్టే పట్టేస్తాయి, దాచడం కుదరదు. మరి కుట్ర ఎక్కడ? ఎవరి వాన తగ్గుతుందో ముందే తెలిసి, నివేదికలోంచి ఆ ఒక్క పేజీ మాయం చేసినవాడి దగ్గర. ఉత్తరార్ధగోళంలోనే చల్లితే ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్‌లో కరువు రావచ్చని కంప్యూటర్ మోడల్స్ చెబుతున్నాయి. ఇంకోటి, ఏళ్ల తరబడి చల్లి హఠాత్తుగా ఆపితే, అణిచిపెట్టిన వేడంతా కొద్ది ఏళ్లలోనే మీద పడుతుంది. అంటే విమానాలు ఎవరివైతే వాళ్లు తుపాకీ తీయక్కర్లేదు, “రేపటి నుంచి ఆపేస్తాం” అంటే చాలు. నీ విలన్ డైలాగు అదే. అరిచి చెప్పించకు, టీ తాగుతూ చెప్పించు.

ప్రభుత్వాలు ఇంత పని చేస్తాయా అని ఎడిటర్ అడుగుతాడు. వియత్నాం యుద్ధంలో, 1967 నుంచి 1972 దాకా, శత్రువు దారులు వానకి బురదైపోవాలని అమెరికా మేఘాల మీద రసాయనాలు చల్లింది. అది బయటపడి రచ్చయ్యాకే, వాతావరణాన్ని ఆయుధంగా వాడొద్దన్న అంతర్జాతీయ ఒప్పందం 1978లో అమల్లోకి వచ్చింది. అందులో శాంతియుత వాడకానికి అడ్డు లేదు. విలన్ లాయరు ఆ సందులోంచే దూరతాడు.

హీరోయిన్‌ని ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) స్టూడెంట్‌ని చేయడం బాగుంది. ఆమె గురువుకి లోహాఫెక్స్ అనే సముద్ర ప్రయోగంలో పనిచేసిన గతం తగిలించు. 2009లో మన జాతీయ సముద్ర అధ్యయన సంస్థ (ఎన్‌ఐఓ), జర్మన్లు కలిసి దక్షిణ మహాసముద్రంలో ఇనుము చల్లారు, సముద్రపు నాచు పెరిగి కార్బన్‌ని అడుగుకి తీసుకుపోతుందని. ఓడ బయల్దేరాక జర్మనీలో ఆపమన్నారు, తర్వాత సరేనన్నారు. తీరా నాచు పెరిగితే, బుల్లి బుల్లి జీవులు దాన్ని మేసేశాయి. అడుగుకి చేరింది చాలా తక్కువ. (ఇంత మంచి ట్విస్టు నాకెప్పుడూ తట్టలేదు.) అది కళ్లారా చూసినవాడు నీ విలన్ లెక్కల్ని నమ్మడు.

చివరగా, ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలో మునుగుతుండగా ఫైలు చేతులు మారిందని రాశావు. మనది తూర్పు తీరం తల్లీ! ఆ సీను తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి మార్చు. వేలం అరుపుల్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, ఐసు నీళ్లకి కాగితం తడిసి అంకెలు సగం చెరిగిపోతాయి. ఆ చెరిగిన అంకెలతో ఇంకో రెండు అధ్యాయాలు నడపొచ్చు. ముందు ఆ రెండూ రాసి పంపు.

మీ మావయ్య