శుక్రవారం బిర్యానీ ఎవరికీ వద్దట

ప్రశ్న: నా వయసు 41. తిరుపతిలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పదకొండు మంది బృందానికి లీడ్‌ని. 2020 మార్చి నుంచి ఇళ్ల నుంచే పనిచేసిన మమ్మల్ని ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు. అందరూ వస్తున్నారు గానీ ఎవరి ముఖంలోనూ కళ లేదు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పక్క సీటులో ఉన్నవారితో కూడా తెర మీదే మాట్లాడుతున్నారు. కాస్త ఉత్సాహం వస్తుందని శుక్రవారం సాయంత్రం ఆటలు, బిర్యానీ ఏర్పాటు చేస్తే నాలుగింటికే బ్యాగులు సర్దుకున్నారు. చిత్తూరు నుంచి బస్సులో వచ్చే ఒకావిడ ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉన్నారని తెలిసింది. ఈ చిరాకంతా ఇంట్లో భార్య మీద చూపిస్తున్నాను. ‘మీరు ఇంట్లో పనిచేసినప్పుడే నయం’ అంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మూడు రోజులూ ఎందుకు రావాలో మీ బృందానికి మీరేం చెప్పారన్నది అందులో ఎక్కడా లేదు. బహుశా మీకే తెలియక చెప్పి ఉండరు. మీకు నమ్మకం లేని నిర్ణయాన్ని మీ సొంతమన్నట్టు పొద్దంతా మోసి, ఇంటికి చేరాక భార్య మీద దించుతున్నారని నాకనిపిస్తోంది.

బృందం ఆ సంగతి కనిపెట్టలేదనుకోకండి. అందరినీ కూర్చోబెట్టి, ఈ నిర్ణయం మీది కాదనీ, దాన్ని మార్చే అధికారం మీకు లేదనీ, అయితే ఆ మూడు రోజుల్లో ఏం చేయాలన్నది కొంతవరకు మీ చేతిలో ఉందనీ ఒక్కసారి చెప్పండి. ఇందువల్ల మీ పెద్దరికానికి లోటేమీ రాదు.

ఇక చిత్తూరు నుంచి వచ్చే ఆవిడ సంగతి. ఇంచుమించు డెబ్బై కిలోమీటర్ల దూరం. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా వచ్చే బస్సులో సీటు దొరికినా ఇంటి గుమ్మం నుంచి మీ ఆఫీసు దాకా రెండు గంటల ప్రయాణం. తెల్లవారకముందే లేచి, వంట ముగించి, డబ్బా కట్టుకుని వచ్చి, ఇంట్లోనే చేసుకోగలిగిన కాల్‌ని మీ పక్క సీటులో కూర్చుని చేసుకునే మనిషికి సాయంత్రం కావలసింది బిర్యానీ కాదు, ఐదు గంటల బస్సు. అందులోనూ మీరు ఎంచుకున్నది శుక్రవారం! వారాంతపు దర్శనానికి దిగే జనంతో ఆ సాయంత్రం మన బస్టాండు ఎలా ఉంటుందో తిరుపతిలో ఉండే మీకు నేను చెప్పాలా?

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, సహచరులతో కలిసి చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మంది ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేయనిచ్చిన వారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరులో గానీ, పదోన్నతుల్లో గానీ తేడా కనిపించలేదు. మహిళలలోనూ, దూరం నుంచి వచ్చేవారిలోనూ ఈ మేలు స్పష్టంగా కనిపించింది. వాళ్లు కూడా మిగిలిన మూడు రోజులూ ఆఫీసుకు వచ్చినవారే సుమా. కనుక తప్పు మూడు రోజులదని నేననను. పై అధికారులతో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ అంకెలు దగ్గర పెట్టుకోండి.

శుక్రవారాన్ని ఇంటికి వదిలేసి, అందరూ ఒకేసారి వచ్చే రోజులు ఖాయం చేయండి. క్లయింటు కాల్స్ మీ ఇష్టప్రకారం జరగవు గానీ, మీలో మీరు పెట్టుకునేవి ఆ రోజుల్లో మానేయవచ్చు. కొత్తగా చేరినవారికి పక్కన కూర్చుని పని నేర్పడం, వారం నుంచి తేలని లోపాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి బోర్డు మీద విప్పి చూడటం, ఎవరికి పని ఎక్కువైందో ముఖాముఖి అడగటం ఆ రోజులకు ఉంచండి. ఆవిడతో విడిగా మాట్లాడండి, రాజీనామా ప్రస్తావన మీరు తేవద్దు. పొద్దున ఏ బస్సుకు వస్తే, సాయంత్రం ఏ బస్సుకు వెళితే ఇల్లు గడుస్తుందో అడిగి, ఆ వేళల్నే ఆమె పనివేళలుగా రాయించి అనుమతి తెప్పించండి. నోటిమాటగా ఇస్తే, రేపు మీరు మారినప్పుడు అది చెల్లదు.

మీ భార్య అన్నదాన్ని ఎత్తిపొడుపుగా తీసుకోకండి. మీరు ఇంట్లో ఉన్న రోజుల్లో ఉండి, ఇప్పుడు లేకుండా పోయిందేమిటో ఆమెనే అడగండి. మధ్యాహ్నం కలిసి తిన్న భోజనం కావచ్చు, ఇంటిపనిలో మీరు అందించిన చేయి కావచ్చు. ఇంటి నుంచి పనిచేసే రెండు రోజుల్లో దాన్ని తిరిగి మొదలుపెట్టండి. ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు క్షమాపణ మాత్రం ఈ రాత్రే చెప్పండి.