మంట వెలుగుతోంది, ఫ్రిజ్‌కి ఆ సంగతి తెలియడం లేదు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పిల్లలతో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్దామని పాత మోటార్‌హోమ్ (ఇల్లులా అమర్చిన వ్యాను) ఒకటి కొన్నాం. అందులో ఫ్రిజ్ కరెంటు మీదా, గ్యాస్ మీదా నడుస్తుంది. కరెంటు మీద ఫ్రిజ్ బాగానే చల్లబడుతోంది. గ్యాస్‌కి మారిస్తే టక్‌టక్‌మని నీలం మంట వస్తుంది, కొన్ని సెకన్లకే ఆరిపోతుంది, చివరికి చెక్ లైటు వెలుగుతుంది. గ్యాస్ లీకవుతుందేమోనని మా ఆవిడకి టెన్షన్. దోసెల పిండి, పెరుగు పెట్టుకుని బయల్దేరవచ్చా?

జవాబు: లీకేజీ భయం లేకుండా చూడటానికే అది అలా ఆగిపోతోందని ముందు మీ ఆవిడకి చెప్పండి. మంట ఉందని నమ్మకం కుదరకపోతే ఫ్రిజ్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు గ్యాస్ వాల్వు మూసేస్తుంది.

చాలా మోడళ్లలో బర్నర్ మీద ఉండే ఒకే ఎలక్ట్రోడ్ (సన్నటి లోహపు కడ్డీ) రెండు పనులూ చేస్తుంది. ముందు వేల వోల్టుల స్పార్క్‌తో గ్యాస్‌ని వెలిగిస్తుంది, తర్వాత మంట ఉందో లేదో కనిపెడుతుంది. మంటలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఉంటాయి కాబట్టి దానిగుండా కొద్దిగా కరెంటు పారుతుంది. బోర్డు పంపేది ఏసీ, అంటే దిక్కు మారుతూ పారే కరెంటు, కానీ బర్నర్ లోహం పెద్దది, ఎలక్ట్రోడ్ మొన చిన్నది కావడంతో ఒక దిక్కుకే ఎక్కువ పారుతుంది, అంటే మంట దాన్ని కాస్త డీసీగా (ఒకే దిక్కుకి పారే కరెంటుగా) మార్చేస్తుందన్నమాట. తీగ తడిసి షార్టయినా ఇలా మారదు, అందుకే బోర్డు మోసపోదు. నాకు ఎంతో నచ్చిన ఏర్పాటిది!

అయితే ఆ డీసీ మైక్రోఆంపియర్లలోనే (ఆంపియర్‌లో పది లక్షల వంతుల్లో) ఉంటుంది. మసినీ తుప్పునీ దాటి స్పార్క్ దూకేస్తుంది గానీ ఇంత చిన్న కరెంటు దాటలేదు. మీ దగ్గర మంట నిలకడగా, నీలంగా ఉండి ఆరుతోందంటే నా అనుమానం దీనిమీదే.

గ్యాస్ సిలిండర్ కట్టేసి, 12 వోల్టుల సరఫరా తీసేసి, బర్నర్ చల్లారాక ఎలక్ట్రోడ్ మొనని సన్నటి ఎమరీ కాగితంతో రుద్దండి. ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే పింగాణీ పగిలిందేమో, బర్నర్‌కి ఎర్త్ తీగ గట్టిగా తగులుతోందో లేదో చూడండి. పొగగొట్టం నుంచి రాలిన తుప్పునీ, సాలెగూళ్లనీ దులపండి. గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రం ఉన్న జెట్‌లో మాత్రం పిన్ను పెట్టవద్దు, రంధ్రం పెద్దదైతే మంట చెడిపోతుంది. మంట పసుపుగా ఉన్నా, ఊగుతున్నా గ్యాస్ ప్రెషర్ మెకానిక్‌తో చూపించండి. బ్యాటరీ కూడా చూసుకోండి, గ్యాస్ మీద నడిచినా బోర్డుకి 12 వోల్టులు కావాలి.

వాల్వు మూసుకోకుండా తీగలు కలిపేసే చిట్కాలు ఎవరైనా చెబితే దయచేసి వినకండి, నిద్రలో ఉండగా వ్యానంతా గ్యాస్ నిండే ప్రమాదం ఉంది. ఇలాంటి ఫ్రిజ్‌ని చల్లబరిచేది లోపలుండే అమోనియా, దాని ఘాటు వాసన వస్తే కరెంటు మీద కూడా వాడవద్దు.

ఇవన్నీ బాగై, గ్యాస్ మీద ఒక రాత్రంతా ఇంటి దగ్గరే నడిచాక బయల్దేరండి. ఎల్లోస్టోన్‌లో ఎక్కువ భాగం 7,500 అడుగుల పైనే ఉంటుంది, అంత ఎత్తులో గాలి పలచబడి మంట సరిగా నిలవకపోవచ్చు. పార్కు లోపల కరెంటు కనెక్షన్లు ఉండే క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, అక్కడ చోటు దొరక్కపోతే పిండికీ పెరుగుకీ ఐస్‌బాక్సు ఒకటి వెంట తీసుకెళ్లండి.