మట్టి ఉత్ప్రేరకం గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. సాల్వెంట్ (ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకం) ఆవిర్లను కాల్చేసే మట్టి ఉత్ప్రేరకం మీద తెలుగులో రాయడానికి పూనుకున్నందుకు సంతోషం. పాశమైలారం, జీడిమెట్ల పారిశ్రామికవాడల చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఆ ఘాటు కొత్త కాదు, దాన్ని వదిలించే దారి చెప్పాలి.

“టోలుయీన్‌ను 99 శాతం తొలగిస్తుంది” అన్నావు, రంగుల్లో వాడే ఆ సాల్వెంట్ గురించి. ఎన్ని డిగ్రీల దగ్గర? గాలిలో ఎంత ఉన్నప్పుడు? గంటకు ఎంత గాలి పోతున్నప్పుడు? ఈ మూడూ రాయలేకపోతే ఆ అంకె కొట్టెయ్. తొలగింది సరే, ఏమైంది? సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్, బెంజాల్డిహైడ్ మిగులుతాయి. పూర్తిగా కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ కొలిచారో లేదో చూసుకో.

తయారీని రెండు వాక్యాల్లో దాటేశావు. అసలు పట్టు అక్కడే ఉంది. ఉత్త బెంటోనైట్‌ను (పొరలు పొరలుగా ఉండే బంకమట్టిని) వేడిచేస్తే పొరల మధ్య నీరు పోయి అవి మూసుకుంటాయి. మూసుకోకుండా మధ్యలో స్తంభాలు నిలపాలి. అందుకే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణంలో కాస్టిక్ సోడాను చుక్కచుక్కగా కలుపుతారు, ఒక్కో అల్యూమినియంకు 2 నుంచి 2.4 హైడ్రాక్సైడ్‌లు వచ్చేలా. ఆ ద్రావణాన్ని నీళ్లలో కలిపిన మట్టిలో పోసి, తర్వాత మట్టిని కడుగుతారు. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు. మిగిలిన క్లోరైడ్, తర్వాత మట్టి మీద ఎక్కించే పల్లాడియం లోహం పనిని మందగింపజేస్తుంది. ఆపైన 500 డిగ్రీల దగ్గర కాలిస్తే పొరల మధ్య ఆక్సైడ్ స్తంభాలు నిలుస్తాయి. పొర మందాన్ని కూడా కలుపుకుని, ఒక పొర అడుగు నుంచి పై పొర అడుగు దాకా సుమారు 1.8 నానోమీటర్లు. ప్లాటినమో పల్లాడియమో ఎక్కించేది ఆ తర్వాతే, బరువులో అర శాతం లోపు.

ఉత్ప్రేరకం లేకుండా 750 డిగ్రీలు దాటితే గానీ కాలని ఆవిరి దీని మీద 250–350 దగ్గరే కాలుతుందని సరిగ్గానే రాశావు. కాలినప్పుడు పుట్టే వేడిని మాత్రం మరిచావు. 1000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వెయ్యి భాగాలు) టోలుయీన్ పూర్తిగా కాలితే గాలి సుమారు 120 డిగ్రీలు వేడెక్కుతుంది. 300 దగ్గర లోపలికి పంపిన గాలిలో 3000 పీపీఎం ఉందనుకో, 650 దాటిపోతుంది. ఆ వేడికి మట్టి పొరల్లోని హైడ్రాక్సిల్‌లు (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) నీరుగా ఊడి, స్తంభాలు కూలి, లోహపు రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. 3000 పీపీఎం అంటే టోలుయీన్ అంటుకునే కనిష్ఠ మోతాదులో దాదాపు నాలుగో వంతు. పేలుడు భయం లేని మోతాదే, మట్టికి మాత్రం తట్టుకోలేనంత. ఈ సంగతి వ్యాసంలో ముందుకు తీసుకురా.

క్లోరిన్ ఉన్న సాల్వెంట్ డైక్లోరోమీథేన్‌కూ ఇదే చాలని రాయకు. అది కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది, వెనకాల ఆ ఆమ్లాన్ని గాలి నుంచి కడిగేసే స్క్రబ్బర్ కావాలి. సిలికోన్ ఆవిరి తగిలితే లోహం మీద సిలికా పూత పడుతుంది, మళ్లీ వేడిచేసినా పోదు.

బొమ్మ ఒక్కటి చాలు: ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎంత కాలిందో చూపే గీత, 50 శాతం, 90 శాతం కాలే చోట్లు గుర్తుపెట్టి. సవరించి పంపు, చూస్తాను.