ఎండ చూపిస్తున్నాం కదా... పాపకు విటమిన్ డి చుక్కలు కూడా వేయాలా?

ప్రశ్న: మా పాపకు మూడో నెల. తల్లిపాలే ఇస్తున్నాను. డాక్టరు విటమిన్ డి చుక్కలు రాశారు. రోజూ పొద్దున్నే బాల్కనీలో ఎండ చూపిస్తుంటే మందెందుకని మా అత్తగారు అంటున్నారు. పక్క ఫ్లాట్‌లో బాబుకి కాల్షియం సిరప్, మల్టీవిటమిన్ కూడా పడుతున్నారు. మా పాపకూ కావాలా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: చుక్కలు ఆపకండమ్మా. తల్లిపాలను మించింది లేదు, కానీ వాటిలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే పుట్టిన కొద్దిరోజుల నుంచి ఏడాది నిండేదాకా రోజుకు 400 ఐయూ (IU, విటమిన్లను కొలిచే యూనిట్) వేయమంటాం.

మీ అత్తగారు అన్నదీ నిజమే, ఎండ తగిలితే చర్మమే ఈ విటమిన్ తయారుచేసుకుంటుంది. అయితే ఆ పని చేసే కిరణాలు లేత ఎండలో పెద్దగా ఉండవు, కిటికీ అద్దం దాటి రావు. అవి బాగా ఉండేది పదింటి నుంచి మూడింటి దాకా. ఆ వేళ విశాఖ ఎండకి, ఉక్కపోతకి మనమే తట్టుకోలేం, పసిదాన్ని ఎలా పడుకోబెడతాం? పొద్దుటెండ మానక్కర్లేదు, చుక్కలు మాత్రం వేయాల్సిందే.

నాకు అసలు భయం కొలత దగ్గరే. కొన్ని సీసాల్లో ఒక ఎంఎల్‌కు 400 ఐయూ, కొన్నింటిలో 800 ఉంటుంది. మొదటిదైతే ఒక ఎంఎల్, రెండోదైతే అర ఎంఎల్ వేయాలి. మెడికల్ షాపులో వేరే కంపెనీది ఇచ్చినా చాలామంది పాత గీత దాకానే తీసి పోసేస్తుంటారు. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ లేబుల్ చదవండి, దాంతో వచ్చిన డ్రాపరే వాడండి. పెద్దవాళ్లు వేసుకునే 60,000 ఐయూ పొడి పాకెట్లు, చిన్న సీసాలు డాక్టరు రాయకుండా పాపకు అసలు పట్టొద్దు. విటమిన్ డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం వస్తాయి, పాలు తాగడం తగ్గుతుంది, కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు.

నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన పాపకు కాల్షియం, మల్టీవిటమిన్ అక్కర్లేదు. నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుడితే లెక్క వేరు, ఐరన్ కూడా ముందే మొదలుపెడతారు. పక్కింటి బాబు సంగతి అదేనేమో, వాళ్లతో పోల్చుకుని టెన్షన్ పడకండి. మీ పాపకు ఐరన్ ఎప్పుడు మొదలుపెట్టాలో 14 వారాల టీకాకి వెళ్లినప్పుడు అడగండి.

చుక్కలు బుగ్గ లోపలివైపు మెల్లగా వేయండి. సూటిగా గొంతులోకి పోస్తే పొలమారుతుంది. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెట్టింపు వేయొద్దు, మామూలు మోతాదే చాలు.