తాళం పడిన క్లౌడ్ ఖాతా: తెరిచే మార్గాలు, తొందరపడి చేయకూడని పనులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే బాధను నాలుగు విధాలుగా చెబుతున్నాయి. ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు ఎక్కడికీ పోలేదని తెలుసు, కానీ వాటిని చేరే దారి మూసుకుపోయింది. మొదటి ఉత్తరంలోని పరిస్థితి చాలామందికి ఎదురయ్యేదే కాబట్టి దానికి కాస్త వివరంగా సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నా ఫొటోలు, పరిశోధన వ్యాసం రాతప్రతులు అన్నీ ఒక క్లౌడ్ ఖాతాలో ఉన్నాయి. గత నెలలో ఫోన్ నీళ్లలో పడి పాడైపోయింది. కొత్త ఫోన్‌లో పాస్‌వర్డ్ సరిగానే ఇస్తున్నా, ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్ కావాలని అడుగుతోంది. ఆ యాప్ పాత ఫోన్‌లోనే ఉండిపోయింది. తోచిన అంకెలన్నీ ఇచ్చి చూసేసరికి ఖాతాకు తాళం పడింది. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి, అందులో మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

జవాబు: దయచేసి ఆ ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయకండి. ప్రస్తుతం మీ చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైన ఆధారం అదే. ఖాతా మీదేనని నిరూపించుకోవడానికి పాస్‌వర్డ్ ఒక్కటే సాక్ష్యం కాదు. మీరు గతంలో ఏ పరికరం నుంచి, ఏ బ్రౌజర్ నుంచి, ఏ ప్రాంతం నుంచి లాగిన్ అయ్యేవారో కూడా చాలా సంస్థలు పరిశీలిస్తాయి. ఫార్మాట్ చేసిన యంత్రం ఆ సంస్థ దృష్టిలో ఎన్నడూ చూడని కొత్త యంత్రమవుతుంది కాబట్టి, మీ మిత్రుడి సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చినదే అయినా ఉన్న సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. అదే కారణంగా ఆ ల్యాప్‌టాప్‌లోని బ్రౌజర్ కుకీలను (మీ లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్లను) తొలగించకండి, ఏ ఖాతా నుంచీ సైన్ అవుట్ కాకండి.

ముందుగా ఇంటర్నెట్‌కు కలపకుండానే ల్యాప్‌టాప్‌ను తెరిచి, ఆ క్లౌడ్ సేవకు చెందిన సింక్ ఫోల్డర్ (క్లౌడ్‌లోని ఫైళ్ల నకళ్లు యంత్రంలో ఉండే చోటు) ఉందేమో చూడండి. ఉంటే అందులోని ఫైళ్లను వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇంటర్నెట్ వద్దని ఎందుకంటున్నానంటే, ఒకవేళ మరెవరైనా మీ ఖాతాలోకి చొరబడి ఫైళ్లను తొలగించి ఉంటే, కనెక్షన్ రాగానే ఆ తొలగింపు మీ ఫోల్డర్‌కు కూడా పాకే ప్రమాదం ఉంది. అయితే ఫోల్డర్‌లో పేర్లు కనిపించినంత మాత్రాన ఫైళ్లు ఉన్నట్టు కాదు. ఉదాహరణకు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అయిన వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తు ఉన్న ఫైళ్లకు యంత్రంలో పేరు మాత్రమే ఉంటుంది, ఆకుపచ్చ టిక్కు గుర్తు ఉన్నవి నిజంగా యంత్రంలోనే ఉంటాయి. కాపీ చేసిన ఫైళ్లలో కొన్నింటిని తెరిచి చూసుకున్న తర్వాతే తదుపరి పనికి వెళ్లండి. మీ రాతప్రతులు ఇక్కడే దొరికితే సగం ఆందోళన తీరినట్టే, మిగిలిన పనిని నిదానంగా చేసుకోవచ్చు.

తర్వాత ఇంటర్నెట్ కలిపి, ఎప్పుడూ వాడే బ్రౌజర్‌లోనే ఆ సేవను తెరవండి. అదృష్టవశాత్తూ ఇంకా లాగిన్ అయ్యే ఉంటే, ఫైళ్లను డౌన్‌లోడ్ చేసుకోవడమే మొదటి పని. ఆపైన భద్రతా సెట్టింగులలోకి వెళ్లి కొత్త ఫోన్‌ను ధ్రువీకరణ సాధనంగా చేర్చుకునే ప్రయత్నం చేయండి.

లాగిన్ కాకపోతే, ఒకటి రెండు రోజులు ఏ ప్రయత్నమూ చేయకుండా ఆగండి. పదే పదే తప్పు కోడ్ ఇచ్చినందుకు పడిన తాళం సాధారణంగా తాత్కాలికమే. మధ్యలో చేసే ప్రతి ప్రయత్నమూ ఆ గడువును పొడిగించవచ్చు. ఆరంకెల కోడ్‌ను ఊహించి కొట్టడం వల్ల ప్రయోజనం లేదని కూడా తెలుసుకోవాలి. ఆ యాప్‌ను మొదట అమర్చినప్పుడు సంస్థకూ మీ ఫోన్‌కూ మధ్య ఒక రహస్య సంఖ్య పంచబడుతుంది. దానినీ ఆ క్షణంలోని సమయాన్నీ కలిపి లెక్కించగా వచ్చేదే ఆ కోడ్, సాధారణంగా 30 సెకన్లకొకసారి మారుతుంది. కొత్త ఫోన్‌లో అదే యాప్‌ను వేసుకున్నా ఆ రహస్య సంఖ్య రాదు కాబట్టి పాత కోడ్‌లు కనిపించవు. గూగుల్ ఆథెంటికేటర్‌లో మాత్రం 2023 ఏప్రిల్ నుంచి ఆ రహస్యాలను గూగుల్ ఖాతాతో సింక్ చేసుకునే వీలుంది. మీరు ఆ సదుపాయాన్ని వాడి ఉంటే, అదే గూగుల్ ఖాతాతో కొత్త ఫోన్‌లోని యాప్‌లోకి ప్రవేశించగానే కోడ్‌లు తిరిగి వస్తాయి.

పాత ఫోన్ విషయంలో ఆశ వదులుకోకండి. తెర పనిచేయకపోయినా లోపలి భాగాలు బాగుండవచ్చు. మరమ్మతు చేసేవారికి ఇచ్చేటప్పుడు, డేటాను చెరపకూడదని, ఒక్క పది నిమిషాలు ఫోన్ తెరుచుకుంటే చాలునని స్పష్టంగా చెప్పండి. ఆ పది నిమిషాల్లో యాప్‌లోని ఖాతాలను కొత్త ఫోన్‌కు బదిలీ చేసుకోవచ్చు. సిమ్ కార్డు చెడిపోయి ఉంటే, అదే నంబరుతో మరో సిమ్ తీసుకోండి. ఖాతాకు ఆ నంబరు జతచేసి ఉన్నట్లయితే ఓటీపీ ద్వారా దారి దొరకవచ్చు.

ఇంకొక చోట కూడా వెతకాలి, అది మీ పాత కాగితాలు. రెండంచెల భద్రతను (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే పద్ధతిని) ఏర్పాటు చేసుకున్న రోజున చాలా సేవలు కొన్ని అత్యవసర కోడ్‌లను చూపించి, భద్రపరచుకోమని చెబుతాయి. గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు ఒక విడతకు 10, ఒక్కొక్కటి 8 అంకెలది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ రికవరీ కోడ్‌లో 25 అక్షరాలుంటాయి. మనలో చాలామంది వాటిని ముద్రించి ఏదో పుస్తకంలో పెట్టి మరచిపోతాం, లేదా స్క్రీన్‌షాట్ తీసి వదిలేస్తాం. పాత నోటు పుస్తకాలు, ల్యాప్‌టాప్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఓపికగా చూడండి.

ఇవేవీ ఫలించకపోతే అధికారికమైన ఖాతా పునరుద్ధరణ ప్రక్రియ మిగులుతుంది. మీరు సంస్థ పేరు రాయలేదు కాబట్టి ప్రధానమైన మూడింటి తీరు చెబుతాను. గూగుల్ అడిగే ప్రశ్నలకు కచ్చితంగా తెలియకపోయినా వదిలేయకుండా జవాబివ్వడం మంచిది. పాత పాస్‌వర్డ్‌ను సుమారుగా గుర్తున్నంత వరకు రాయండి, ఊహ తప్పయినంత మాత్రాన ప్రక్రియ నుంచి మిమ్మల్ని తొలగించరు. మైక్రోసాఫ్ట్‌కు ఒక పునరుద్ధరణ పత్రం ఉంది, రోజుకు రెండుసార్లు నింపవచ్చు. కానీ రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్న ఖాతాలకు ఆ పత్రం పనిచేయదు, కాబట్టి మీ ఖాతా అక్కడిదైతే పైన చెప్పిన ల్యాప్‌టాప్, సిమ్, కోడ్ మార్గాలే శరణ్యం. యాపిల్ వారు నిరీక్షణ గడువు విధిస్తారు. అది కొన్ని రోజులో అంతకంటే ఎక్కువో ఉండవచ్చు, సహాయ కేంద్రానికి ఫోన్ చేసినా తగ్గదు. ఈ గడువులో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం: ఆ ఖాతాతో లాగిన్ అయి ఉన్న మరో పరికరాన్ని మీరు వాడితే, ఖాతా యజమాని వాడుకుంటూనే ఉన్నారని భావించి మీ అభ్యర్థనను రద్దు చేస్తారు. అందువల్ల అక్కడ మాత్రం మిగతా పరికరాలను ఆపివేసి ఎదురుచూడాలి.

ప్రశ్న: సంపూర్ణ ఎన్‌క్రిప్షన్ ఉన్న క్లౌడ్ సేవలో ముఖ్యమైన పత్రాలు దాచాను. పాస్‌వర్డ్ మరచిపోయాను. మీ ఫైళ్లను మేము కూడా తెరవలేమని సంస్థవారు జవాబిచ్చారు. ఇది బాధ్యత తప్పించుకోవడం కాదా?

జవాబు: వారు చెప్పింది నిజమే కావచ్చు. మామూలు క్లౌడ్ సేవల్లో ఫైళ్ల తాళంచెవి సంస్థ దగ్గర కూడా ఉంటుంది, కాబట్టి మీరెవరో నిర్ధారించుకుంటే వారు కొత్త పాస్‌వర్డ్ ఇవ్వగలరు. మీరు ఎంచుకున్న రకంలో ఆ చెవి మీ పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది, సంస్థ దగ్గర ఉన్నది అర్థంకాని అక్షరాల గుట్ట మాత్రమే. చొరబాటుదారులకూ సంస్థ ఉద్యోగులకూ మీ పత్రాలు చిక్కకుండా కాపాడిన ఏర్పాటే ఇప్పుడు మీకూ అడ్డం వచ్చింది. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ అబద్ధపు ఆశ కల్పించడం ఇంకా తప్పు.

అయినా కొన్ని దారులను చూడకుండా వదలకండి. ఇటువంటి సేవల్లో మెగా ఒక రికవరీ కీని (పాస్‌వర్డ్ మరచిపోయినా ఫైళ్లను తెరవగల పొడవైన కోడ్‌ను) ఇస్తుంది, ప్రోటాన్‌లో 12 పదాల రికవరీ వాక్యాన్ని తయారు చేసుకోవచ్చు. యాపిల్ 2022 డిసెంబరులో తెచ్చిన అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ అనే ఇటువంటి ఎన్‌క్రిప్షన్‌ను ఎంచుకున్నవారికి 28 అక్షరాల రికవరీ కీ గానీ, రికవరీ కాంటాక్ట్‌గా, అంటే ఖాతా తెరవడానికి సాయపడేలా ముందే ఎంచుకున్న ఒక నమ్మకస్తుడు గానీ ఉండాల్సిందే. ఆ కీ మీరు ఎప్పుడైనా ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా భద్రపరచి ఉండవచ్చు. అంతకంటే ముఖ్యంగా, మీ ఫోన్, ట్యాబ్, ఆఫీసు కంప్యూటర్‌లలో ఏదో ఒకదానిలో ఆ యాప్ ఇంకా లాగిన్ అయి ఉందేమో ఈ రోజే చూడండి. తెరిచి ఉన్న ఆ పరికరంలో తాళంచెవి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, అక్కడి నుంచి ఫైళ్లను దించుకోవచ్చు, మెగా వంటి సేవల్లో రికవరీ కీని కూడా తీసుకోవచ్చు. ఇవేవీ లేకుండా పాస్‌వర్డ్‌ను రీసెట్ చేస్తే ఖాతా పేరు తిరిగి మీదవుతుంది గానీ పాత ఫైళ్లు తెరుచుకోవు. రీసెట్ మీట నొక్కే ముందు ఆ హెచ్చరికను పూర్తిగా చదవండి.

ప్రశ్న: తాళం పడిన ఖాతాను రెండు గంటల్లో తెరిపిస్తానని ఒక వ్యక్తి సందేశం పంపాడు. సగం డబ్బు ముందుగా, సగం పని అయ్యాక ఇమ్మంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. సంస్థ వెలుపలి వ్యక్తి ఎవరికీ ఖాతాను తెరిచే అధికారం ఉండదు. అతను చేయగలిగింది ఏదైనా ఉంటే, అది మీరే ఉచితంగా నింపగల పత్రాన్ని మీ తరఫున నింపడమే. అందుకోసం మీ పాత పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ అడుగుతాడు. ఆ ఓటీపీ ఇచ్చిన క్షణంలో ఖాతా నిజంగానే తెరుచుకోవచ్చు, కానీ అతని చేతిలో. ఇప్పటికే పాస్‌వర్డ్ చెప్పి ఉంటే, అదే పాస్‌వర్డ్ వాడిన ఇతర ఖాతాలన్నిటిలోనూ, ముందుగా ఈమెయిల్‌లో, వెంటనే మార్చుకోండి. సహాయం కోసం సంస్థ అధికారిక వెబ్‌సైట్ చిరునామాను మీరే టైపు చేసి వెళ్లండి. వెతికినప్పుడు కనిపించే ఫోన్ నంబర్లలో మోసగాళ్లు పెట్టినవి కూడా ఉంటాయి.

ప్రశ్న: మా నాన్నగారు ఆర్నెల్ల క్రితం కాలం చేశారు. ఆయన క్లౌడ్ ఖాతాలో కుటుంబం ఫొటోలు ఉన్నాయి. పాస్‌వర్డ్ మాకు తెలియదు. ఆ ఖాతా ఎంతకాలం ఉంటుంది? ఫొటోలు పొందే అవకాశం ఉందా?

జవాబు: ముందుగా మీ కుటుంబానికి నా సానుభూతి. అవకాశం ఉంది, అయితే కాలం ముఖ్యం. గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ 2 సంవత్సరాల పాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చు. గూగుల్ ఈ తొలగింపును 2023 డిసెంబరులో మొదలుపెట్టింది. మీకు ఇంకా వ్యవధి ఉంది, అందులో జాప్యం చేయకండి.

నాన్నగారు ముందుచూపుతో ఏదైనా ఏర్పాటు చేసి ఉండవచ్చు. గూగుల్‌లో 2013 నుంచి ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే సదుపాయం ఉంది. యజమాని ఎంచుకున్న 3, 6, 12 లేదా 18 నెలల పాటు ఖాతాలో కదలిక లేకపోతే, ఆయన పేర్కొన్న వారికి సమాచారం, కోరుకుంటే డేటా కూడా అందుతుంది. కాబట్టి కుటుంబ సభ్యులందరూ తమ ఈమెయిల్‌లో, స్పామ్ ఫోల్డర్‌తో సహా, అటువంటి సందేశం కోసం చూడాలి. ఐఫోన్ వాడినవారైతే లెగసీ కాంటాక్ట్‌గా (తన మరణానంతరం డేటాను పొందే వ్యక్తిగా) ఎవరినైనా నియమించి ఉండవచ్చు. అప్పుడు ఆయన ఇచ్చిన యాక్సెస్ కీ, మరణ ధ్రువీకరణ పత్రం కలిపి యాపిల్‌కు దరఖాస్తు చేయాలి. ఏ ఏర్పాటూ లేకపోయినా, మరణించినవారి ఖాతాకు సంబంధించి గూగుల్‌కు అభ్యర్థన పెట్టుకునే పద్ధతి ఉంది. పాస్‌వర్డ్‌ను మాత్రం వారు ఎవరికీ ఇవ్వరు. తగిన సందర్భాల్లో ఖాతాలోని విషయాలను ఇవ్వవచ్చు.

ఆయన ఫోన్‌ను రీసెట్ చేయకండి, అమ్మకండి. ఆయన నంబరును ఈ వ్యవహారం తేలేవరకు రద్దు చేయించకండి, ఎందుకంటే రద్దయిన నంబరును కొంతకాలానికి మరొకరికి కేటాయిస్తారు, ఆ తర్వాత ఆ ఖాతాకు వచ్చే సందేశాలు వారికి చేరతాయి. ఊహించిన పాస్‌వర్డ్‌లతో ఖాతాను తెరిచే ప్రయత్నాలు కూడా ఆపండి. ఇంట్లోని కంప్యూటర్‌లో, ట్యాబ్‌లో, మెమరీ కార్డుల్లో ఫొటోలు ఉన్నాయేమో వెతకండి. ఆయన ఎవరెవరితో ఆల్బమ్‌లు పంచుకున్నారో బంధువులను అడగండి. వారి ఫోన్లలో ఆ ఆల్బమ్‌లు ఇప్పటికీ తెరుచుకుంటూ ఉంటే, అందులోని ఫొటోలను వెంటనే దించి ఉంచమని చెప్పండి.