అప్‌డేట్ సగంలో ఆగిపోయిన రౌటర్: కొత్తది కొనే ముందు

కొత్తగా విదేశానికి వచ్చిన ఒక సోదరుడు అడిగిన సందేహం ఇది. ఇంట్లోని వైఫై రౌటర్‌కు ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పెడితే సగంలో ఆగిపోయిందట. అప్పటి నుంచి పవర్ లైటు మినుకుమినుకుమనడం తప్ప మరే చలనమూ లేదట. దాన్ని పారేసి కొత్తది కొనుక్కోవడమే మేలా అని ఆయన ప్రశ్న.

కొనవద్దు. కనీసం ఈ వారాంతం గడిచేదాకా కొనవద్దు. అద్దె, బీమా, ప్రయాణాల వంటి ఖర్చులను ఎవరైనా ముందే లెక్క వేసుకొని వస్తారు కాబట్టి వాటితో అంత ఇబ్బంది ఉండదు. కంగారులో చేసే ఇటువంటి కొనుగోళ్ల దగ్గరే తొలి ఏడాదిలో చేతి చమురు వదులుతుంది. ఇప్పుడు వస్తున్నవారికి ఫోన్‌లో వేలు కదిపితే మర్నాటికి వస్తువు గుమ్మంలో ఉంటుంది కాబట్టి ఈ మాట చాదస్తంగా తోచవచ్చు, కానీ గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తవలసిన అవసరం లేదు.

మొట్టమొదట తేల్చుకోవలసింది ఆ పెట్టె ఎవరిదన్నది. ఇంటర్నెట్ సంస్థ అద్దెకిచ్చిన పరికరమైతే దానికి మీరు వైద్యం చేయవలసిన పని లేదు, చేయకూడదు కూడా. అటువంటి వాటిని చాలా సంస్థలు టీఆర్-069 అనే పద్ధతిలో దూరం నుంచే నిర్వహిస్తాయి, అప్‌డేట్లు కూడా తామే పంపుతాయి. చెడిపోతే ఎవరు మార్చాలన్న షరతులు మీ ఒప్పంద పత్రంలో ఉంటాయి, చూసుకోండి. వచ్చిన కొత్తలో నేను ఈ ఒక్క ప్రశ్నా వేసుకోలేదు. ఇంట్లో ముందే ఉన్న పెట్టె యజమానిదనుకొని, ఆయనకు తెలిస్తే మాట వస్తుందని భయపడి, గుట్టుగా బయటి మెకానిక్‌ను పిలిపించి, వచ్చినందుకొక రుసుము, చూసినందుకొక రుసుము చెల్లించాను. అతడు పెట్టెను తిరగేసి, అడుగున అంటించిన లేబుల్ మీద ఇంటర్నెట్ సంస్థ పేరు చూపించి, వారికి ఫోన్ చేస్తే ఉచితంగా మారుస్తారని చెప్పి వెళ్లిపోయాడు. ప్రతి బిల్లునూ మన డబ్బులోకి మార్చి చూసుకొని నిట్టూర్చే రోజులవి.

పెట్టె మీ సొంతమైతే, అది పూర్తిగా చచ్చిపోయి ఉండే అవకాశం తక్కువేనని ముందు నమ్మండి. రౌటర్‌లోని ఫ్లాష్ మెమరీ కొన్ని భాగాలుగా విభజించి ఉంటుంది. మొదటి భాగంలో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. కరెంటు రాగానే ముందుగా మేలుకొని, అసలు ఫర్మ్‌వేర్‌ను వెతికి నడిపించడం దాని పని. మామూలు అప్‌డేట్ అసలు ఫర్మ్‌వేర్ ఉండే భాగాన్ని చెరిపి తిరిగి రాస్తుందే గాని సాధారణంగా బూట్‌లోడర్ జోలికి పోదు. అందువల్ల రాత మధ్యలో కరెంటు పోయినా, మీరే ఓపిక చాలక స్విచ్ ఆపినా, చెడేది ఆ ఫర్మ్‌వేర్ భాగమే. మినుకుమంటున్న ఆ పవర్ లైటు చాలా సందర్భాలలో బూట్‌లోడర్ బతికి ఉండి మరో ఫర్మ్‌వేర్ కోసం ఎదురుచూస్తున్నదనడానికి గుర్తు.

దీన్ని రూఢి చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కంప్యూటర్‌ను ఈథర్నెట్ కేబుల్‌తో రౌటర్ లాన్ పోర్టుకు కలిపి, వైఫై ఆపివేసి, కంప్యూటర్‌కు 192.168.1.10 వంటి స్థిరమైన ఐపీ చిరునామా, 255.255.255.0 మాస్క్ ఇచ్చి, రౌటర్ చిరునామా అయిన 192.168.1.1కు ఆగకుండా పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) పంపుతూ రౌటర్‌ను ఆపి మళ్లీ వేయండి. కొన్ని కంపెనీల రౌటర్లు 192.168.0.1 చిరునామా వాడతాయి కాబట్టి కంప్యూటర్‌కు 192.168.0.10 వంటి చిరునామా ఇచ్చి ఆ వరుసలోనూ ప్రయత్నించాలి. వేసిన తొలి క్షణాల్లో ఒకటి రెండు జవాబులు వచ్చి ఆగిపోయినా చాలు, లోపల ప్రాణం ఉన్నట్లే. కొన్ని బూట్‌లోడర్లు పింగ్‌కు బదులివ్వవు కాబట్టి జవాబు రాకపోయినంత మాత్రాన ఆశ వదులుకోనక్కర లేదు. ఒక్క లైటూ వెలగకపోతే మాత్రం ముందుగా అడాప్టర్‌ను అనుమానించండి. దాని మీద రాసిన వోల్టేజి రౌటర్ అడిగినదానితో సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. 12 వోల్టులు కోరే పెట్టెకు 9 వోల్టుల అడాప్టర్ తగిలించి, అప్‌డేట్‌ను నిందించినవారిని నేను చూశాను.

ఇక అసలు చికిత్స. ఇది కంపెనీని బట్టి మారుతుంది. ఏసస్ రౌటర్‌ను రీసెట్ బటన్ నొక్కి పట్టి ఆన్ చేస్తే పవర్ లైటు నెమ్మదిగా మినుకుమంటూ రెస్క్యూ మోడ్‌లోకి వెళ్తుంది. ఆ కంపెనీయే ఇచ్చే ఫర్మ్‌వేర్ రెస్టొరేషన్ ప్రోగ్రామ్‌తో ఫైలు పంపాలి. డి-లింక్ మోడళ్లలో చాలావాటికి అదే విధంగా బటన్ పట్టుకుంటే 192.168.0.1లో ఒక చిన్న వెబ్ పేజీ తెరుచుకుంటుంది, ఫైలును అక్కడే ఎక్కించవచ్చు. లింక్‌సిస్ మోడళ్లు కొన్నింటిలో రెండు ఫర్మ్‌వేర్లు పక్కపక్కనే ఉంటాయి. వరుసగా మూడుసార్లు ఆన్ చేసి పూర్తిగా మొదలుకాక ముందే ఆపివేస్తే, తరువాతి సారి పాతదానితో లేచి కూర్చుంటుంది. నెట్‌గేర్ రౌటర్లకు ఎన్‌ఎమ్‌ఆర్‌పీఫ్లాష్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. టీపీ-లింక్ మోడళ్లు చాలావరకు టీఎఫ్‌టీపీ అనే సరళమైన ఫైలు బదిలీ పద్ధతిని వాడతాయి. కంప్యూటర్ చిరునామాను 192.168.0.66గా పెట్టి, దానిలో టీఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, ఫర్మ్‌వేర్ ఫైలుకు ఆ మోడల్ కోరిన పేరే పెట్టి, రీసెట్ బటన్ నొక్కి పట్టి రౌటర్‌ను ఆన్ చేస్తే అదే వచ్చి ఫైలును లాక్కుంటుంది. ఫైలు పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా తీసుకోదు.

ఈ టీఎఫ్‌టీపీ దగ్గరే నా డబ్బు రెండోసారి పోయింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నా సొంత రౌటర్ అప్‌డేట్‌లో నిలిచిపోయినప్పుడు చిరునామా సరిగ్గానే పెట్టాను, ఫైలు పేరూ సరిగ్గానే పెట్టాను, బటన్ కూడా వేలు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను. సర్వర్ కిటికీలో ఒక్క పంక్తి కదలలేదు. ఫోన్ డేటా కరిగిపోతున్నదన్న బెంగ ఒక వైపు, పొద్దున్నే పనికి లాగిన్ కావాలన్న తొందర ఒక వైపు. చివరికి పెట్టె పోయిందని తీర్మానించుకొని కొత్తది కొనేశాను. ఆ తరువాత చాలా కాలానికి, అటకెక్కించిన పాతదాన్ని దించి మళ్లీ ప్రయత్నిస్తే తెలిసింది, రౌటర్ మొదటి నుంచీ అడుగుతూనే ఉన్నదని, నా కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ ఆ అభ్యర్థనను లోపలికి రానివ్వలేదని. టీఎఫ్‌టీపీ అభ్యర్థన యూడీపీ 69వ పోర్టు మీద వస్తుంది. తనకు తెలియని నెట్‌వర్క్‌ను విండోస్ పబ్లిక్‌గా పరిగణించి తలుపులు బిగిస్తుంది. ఫైర్‌వాల్‌ను ఆ కాసేపు ఆపితే ఫైలు చకచకా వెళ్లిపోయింది. కొన్న కొత్త రౌటర్‌ను తిరిగి ఇచ్చే గడువు అప్పటికే దాటిపోయింది. కాబట్టి ఫైర్‌వాల్ సంగతి ముందు చూడండి, పని కాగానే తిరిగి ఆన్ చేయడం మరవకండి.

దానితో పాటు మరో చిక్కు ఉంది. రౌటర్ ఆగి లేచే క్షణంలో కేబుల్ సంబంధం తెగి, కంప్యూటర్ మళ్లీ దాన్ని గుర్తించేలోపే బూట్‌లోడర్ ఎదురుచూపు అయిపోతుంది. మధ్యలో ఏదైనా మామూలు ఈథర్నెట్ స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే చిన్న పెట్టె) పెడితే కంప్యూటర్ వైపు సంబంధం తెగదు. దాన్ని కొనవద్దు, తోటివారి దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. ఇటువంటి చిన్న వస్తువులు ఎవరో ఒకరి సొరుగులో పడి ఉంటాయి, అడగడానికి మనవాళ్లే అనవసరంగా మొహమాటపడతారు.

ఏ ఫైలు ఎక్కించాలన్నది అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసిన విషయం. అడుగున లేబుల్ మీద మోడల్ పేరు పక్కన వీ1, వీ2, వీ3 అని హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది; పేరు ఒకటే అయినా లోపలి చిప్పులు వేరు కావచ్చు, ఒకదాని ఫైలు మరొకదానికి పనికిరాదు. స్వదేశంలో కొని సూట్‌కేసులో పెట్టుకొచ్చిన రౌటరైతే ఇంకొక మెలిక ఉంది. ఒకే మోడల్‌కు ప్రాంతాన్ని బట్టి వేర్వేరు ఫర్మ్‌వేర్లు ఉంటాయి. ఉదాహరణకు 2.4 గిగాహెర్ట్జ్‌లో అమెరికా పరికరాలు సాధారణంగా 1 నుంచి 11 వరకే ఛానళ్లు వాడతాయి, ఐరోపాలో 13 దాకా ఉంటాయి. మీరున్న దేశపు నియమం అక్కడి నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో దొరుకుతుంది. మీరున్న దేశానికి ఉద్దేశించిన కంపెనీ సైటు నుంచి ఫైలు దించుకొని ఎక్కిస్తే పెట్టె నిరాకరించవచ్చు, లేదా తీసుకొని తిరగబడవచ్చు. రౌటర్ ఏ ప్రాంతానికి తయారైందో ఆ ప్రాంతపు ఫైలునే వాడాలి. దించుకున్నాక, కంపెనీ హ్యాష్ విలువ (ఫైలు చెక్కుచెదరకుండా దిగిందో లేదో తేల్చే గుర్తు) ప్రకటించి ఉంటే విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో సరిచూసుకోండి. సగం దిగిన ఫైలును ఎక్కించడమంటే జబ్బును మళ్లీ మొదటికి తెచ్చుకోవడమే. ఈ ఫైలును మొబైల్ డేటా మీద దించుకోవలసి వస్తుంది కాబట్టి ఒక్కసారే సరైనది ఎంచుకోండి.

ఎక్కించడం మొదలయ్యాక చేతులు కట్టుకొని కూర్చోవాలి. ఫైలు చేరడం కొన్ని క్షణాల పనే అయినా, దాన్ని ఫ్లాష్‌లోకి రాయడానికి నిమిషాలు పడుతుంది. లైట్లు స్థిరపడేదాకా స్విచ్ ముట్టుకోవద్దు.

ఇవేవీ పనిచేయకపోతే మూత విప్పి సీరియల్ పిన్నుల ద్వారా బూట్‌లోడర్‌తో నేరుగా మాట్లాడే దారి ఒకటుంది. దానికి 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కావాలి. గ్రౌండ్, పంపే, అందుకునే తీగలు మూడే కలపాలి, వోల్టేజి తీగను కలపకూడదు. చాలా రౌటర్లలో ఈ సంభాషణ వేగం సెకనుకు 115200 బిట్లుగా ఉంటుంది. పాత కంప్యూటర్ల వెనుక ఉండే సీరియల్ పోర్టును నేరుగా తగిలిస్తే దాని ఎక్కువ వోల్టేజికి బోర్డు కాలిపోతుంది. గ్యారంటీ ఇంకా మిగిలి ఉంటే మూత అసలు విప్పవద్దు, కంపెనీకి పంపండి. గ్యారంటీ లేక, రౌటర్ కూడా పాతదై, భద్రతా అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయి ఉంటే, ఆ అడాప్టర్ మీద ఖర్చు పెట్టడం దండగ. అప్పుడు మాత్రం కొత్తది కొనడానికి నాకు అభ్యంతరం లేదు.

రౌటర్ లేచాక అన్ని సెట్టింగులూ మొదటి నుంచి పెట్టుకోవలసి రావచ్చు. పీపీపీఓఈ (ఇంటర్నెట్ సంస్థకు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్, కొన్నిచోట్ల వీలాన్ (సంస్థ నెట్‌వర్క్‌లోని విభాగం) సంఖ్య కూడా అడుగుతుంది. అవి ఇంటర్నెట్ సంస్థ పంపిన తొలి ఉత్తరంలో ఉంటాయి, ఫోన్‌లో అడిగినా చెబుతారు. పాత వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను కొత్త వెర్షన్‌లోకి ఎక్కించకుండా చేత్తోనే నింపండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. చివరగా, కంప్యూటర్‌కు మీరిచ్చిన స్థిరమైన ఐపీ చిరునామాను తీసేసి మళ్లీ ఆటోమేటిక్‌గా పెట్టండి. ఇది మరిచి, రౌటర్ బాగైనా ఇంటర్నెట్ రావడం లేదంటూ నాకు మళ్లీ ఫోన్ చేసేవారు ఎప్పుడూ ఉంటారు.